ఒకే కవరులో రెండు కాగితాలు

అబిగయీలుకు తన మీద తనకు అనుమానం కలిగిన సందర్భాలు ఈ ముప్ఫయ్యారేళ్లలో రెండో మూడో ఉంటాయి, అందులో ఒకటి చేపల పులుసులో ఉప్పు గురించి. అందుకే ఈ ఆదివారం బుచ్చిరెడ్డిపాలెం చర్చిలో, ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో, తల మీద కొంగు సర్దుకుని కూర్చున్న ఆమె మొహంలో కంగారన్నది మచ్చుకైనా లేదు. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ఫోను ఆపేసి అమ్మ చేతిసంచిలో బైబిలు కింద పెట్టేసింది. తమ్ముడు ఫ్రెడ్డీ పెళ్లి ప్రకటన మూడోసారి, ఆఖరిసారి చదివే రోజు కదా, ఆరాధన అయ్యేదాకా ఫోను ముట్టుకోనని అమ్మ కరుణాకుమారికి మాటిచ్చింది. ఇవ్వడానికేం? పని అయిపోయింది. ఆమెతో కలిసి ప్రోగ్రాములు చూసుకునే శివశంకర్ నెల్లూరులో తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంటాడు, పదకొండు కాగానే మీట నొక్కుతాడు, అంతే, లోకంలో ఎక్కడెక్కడ ‘తలుపు’ అనే ప్రోగ్రాము వాడుతున్నారో అందరికీ కబురు పోతుంది. మీ తలుపులో ఒక సందు ఉంది, దాన్ని మూసే పని మేం చేశాం, వెంటనే కొత్తది బిగించుకోండి అని. కబురు కింద ఒక వరస, లోపాన్ని కనిపెట్టినవారు అబిగయీలు అని. ఆ వరస ఆమె రాసుకోలేదు, శివశంకరే రాశాడు. కొట్టెయ్యమని మాత్రం అనలేదు, చదువుకుని ఇంకోసారి చదువుకుంది.

ఫ్యాన్లు గరగరమంటున్నాయి, రోడ్డవతల రైసుమిల్లు ఊకవాసన కిటికీలోంచి వస్తోంది, బెన్హర్ అయ్యగారు కావలివాళ్ల గురించి ప్రసంగం అందుకున్నాడు, కావలివాడు నిద్రపోతే ఊరి గతి ఏమిటి అని. అబిగయీలు లోలోపల నవ్వుకుంది, ఈ సంగతి నాకా చెబుతున్నావయ్యగారూ అని. పదేళ్లుగా ఆమె చేస్తున్నది కావలే. తలుపు ఆమె రాసిన ప్రోగ్రాము, అమ్మకానికి పెట్టలేదు, లోకానికి ఊరికే ఇచ్చేసింది, ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తప్పుంటే చెప్పొచ్చు. ఒకచోట లాగిన్ అయిన మనిషి ఇంకోచోటికి పోతే మళ్లీ పాస్‌వర్డు అడగకుండా, మొదటిచోటు కంప్యూటరు రెండో కంప్యూటరుకు ఒక ఉత్తరం రాస్తుంది, ఈయన ఫలానా, మాకు తెలిసినవాడే అని, కింద సంతకం పెట్టి. ఆ సంతకం అసలుదో దొంగదో తేల్చి మనిషిని లోపలికి పంపడం తలుపు పని. అమ్మకు ఒకసారి వివరించి చెబితే, మన సంఘం మార్చుకునేటప్పుడు పాత పాస్టరు రాసిచ్చే ఉత్తరం లాంటిదా అంది, అచ్చం అదేనమ్మా అంది అబిగయీలు. కాలేజీలు వాడుతున్నాయి, ఆసుపత్రులు వాడుతున్నాయి, విడవలూరు అవతల రొయ్యల గుంటల్లో గాలిచక్రాలను ఆఫీసులో కూర్చుని తిప్పే కంపెనీలూ వాడుతున్నాయి. ఆ చక్రాలు ఆగితే రొయ్యలకు గాలాడదు, గుంటకు గుంటే తెల్లారిపోతుంది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు మేనేజరు పేరుతో లోపలికొచ్చి చక్రాలాపితే? ఆ ఆలోచనకే ఆరువారాల కింద ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

ఆరువారాల కింద, మంగళవారం, మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని, ఉత్తరంలో ఒకటికి రెండు ముక్కలు పెట్టి పంపితే ఏమవుతుందో చూద్దామనుకుంది. అట్లా ఎందుకు అనుకుందో అప్పుడు ఆలోచించలేదు, మంచి ఊహలు తనకు వస్తూనే ఉంటాయి కాబట్టి ఇదీ వచ్చిందనుకుంది. కింద సంతకం ఉన్న అసలు ముక్క, శివశంకర్ పేరుతో. పైన తాను అతికించిన దొంగ ముక్క, పెద్ద అధికారి పేరుతో, సంతకం లేకుండా. తలుపు సంతకం కోసం వెతికింది, కింద దొరికింది, పరీక్ష చేస్తే సరిపోయింది, శభాష్ అనుకుంది. తర్వాత పేరు కోసం మొదట కంటబడ్డ ముక్క చదివి, దొరగారూ దయచేయండి అని బార్లా తెరుచుకుంది. గుండె గుభేలుమంది. పదేళ్లుగా ఇట్లాగే తెరుచుకుంటోందా! గుభేలుమన్న గుండెలోనే, రెండు నిమిషాలు కాకముందే, ఎంత బాగా పట్టావే అబిగయీలూ అన్న సంబరం కూడా లేచింది, అది దాచుకునే మనిషి కాదామె. దిద్దింది పదకొండు వరసలే. ఏ ముక్క మీద సంతకం సరిచూశామో ఆ ముక్కలోంచే పేరు చదవాలి, మిగతా ముక్కల మొహం చూడకూడదు. నాలుగు వందల రకాల దొంగ ఉత్తరాలు తయారుచేసి పంపింది, ఒక్కటీ దూరలేదు. వచ్చేనెల బెంగళూరులో పెద్ద సభ, మీరు ఎట్లా పట్టారో వచ్చి చెప్పండి అని పిలిచారు. ఏం చీర కట్టుకోవాలో కూడా అనుకుంది, ఆ నీలం వెంకటగిరి చీర.

నాన్న లేచాడు. ప్రసంగం ఎప్పుడు అయిపోయిందో ఆమె గమనించలేదు, గడియారం పదీ నలభై. నాన్న అబ్రహాము ముప్ఫయ్యేళ్లుగా ఈ సంఘానికి కార్యదర్శి. ఖద్దరు చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, కవరు పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు. పెళ్లికూతురు రెజీనాది విడవలూరు సంఘం, అక్కడి పాస్టరు పంపిన ఉత్తరం అది. ఇక మొదలు. అబ్రహాము కవరు తెరిచి తలకిందులు చేసి దులిపాడు, ఇంకేం లేదని అందరికీ కనబడేలా. ఒక్కటే కాగితం. దాన్ని రెండు చేతులతో పైకెత్తి ముద్ర ఉన్న అడుగుభాగం ఆడవాళ్ల వైపు చూపాడు, మగవాళ్ల వైపు చూపాడు, తర్వాత ఆ చేత్తోనే, కాగితం కింద పెట్టకుండా, పేరు కింద వేలు పెట్టి అయ్యగారికి అందించాడు. ఈ తంతు ఇంకే ఊరి చర్చిలోనూ ఉండదు. పొరుగూరి పాస్టర్లు వచ్చినప్పుడు, ఏంది అబ్రహాము గారూ, ఓటు పెట్టె చూపిస్తుండారా అని నవ్వుతారు. నాన్న నవ్వడు. ఫ్రెడ్డీ మొదటి ప్రకటన రోజున సిగ్గుతో తల వంచుకున్నాడు, ఇవాళ మాత్రం దర్జాగా కూర్చున్నాడు, కొత్త చొక్కా వేసుకుని.

ఆ తంతు వెనక కథ అబిగయీలుకు కళ్లకు కట్టినట్టుంటుంది, అప్పటికి తనకు పదేళ్లు, ఇదే మూడో బెంచీ. ఆదివారం బడిలో పాటలు నేర్పే ఎవాంజెలిన్ అక్కకు సంబంధం కుదిరింది, వరుడు వేరే సంఘంవాడు, ఎత్తుగా, నవ్వితే సొట్టలు పడేవి, పిల్లలకు బిస్కత్తులు తెచ్చేవాడు. అడ్డు చెప్పేవాళ్లుంటే చెప్పమని ప్రకటన చదువుతున్నారు. అప్పుడు మెట్ల మీంచి ఆదిశేషమ్మ లేచి లోపలికొచ్చింది. విడవలూరు వైపు నుంచి బస్సులో చేపల గంప తెచ్చుకుని, ఆరాధన అయ్యేదాకా చర్చి మెట్ల మీద కూర్చుని, బయటికొచ్చేవాళ్లకు అమ్ముకునేది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతులు చీరకు తుడుచుకుంటూ, “అయ్యా, ఆ అబ్బయ్యకి అల్లూరులో పెండ్లాం ఉండాది. నేను ఆమెకి వారం వారం చేపలిస్తా,” అంది. నాన్న కవరు పైకెత్తి అన్న మాట అబిగయీలుకు ఇప్పటికీ చెవిలో ఉంది. “నువ్వు సంఘంలో మనిషివి కాదు గదమ్మా. ముద్ర సరిగ్గా ఉండాది, నేను చూసినా. పొయ్యి బయట కూర్చో.” ఆమె పోయి బయట కూర్చుంది. ఆరోజు ఒక్కరూ చేపలు కొనలేదు, గంప నిండుగా పట్టుకుని బస్సెక్కింది.

అప్పటి పాస్టరుకు మనసొప్పక కవరు తెప్పించుకుని చూస్తే లోపల రెండు కాగితాలున్నాయి. అడుగున ఉన్నది బాప్తిస్మపు కాగితం, దాని మీద ముద్ర నిక్షేపంలాంటి ముద్ర. పైన ఉన్నది, ఇతడు అవివాహితుడు, మంచివాడు అని రాసింది, దాని మీద ముద్రా లేదు, సంతకమూ లేదు. నాన్న అడుగు కాగితం ముద్ర చూసి తలూపాడు, పై కాగితం చదివి వినిపించాడు. సంఘ ఉత్తరాల కవరులో ఎవరైనా ఇంకో కాగితం జొనుపుతారని ఆయనకు తట్టలేదు, తట్టే రోజులూ కావవి. పెళ్లి ఆగింది. మరుసటి ఆదివారం నాన్న ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ప్రకటనల వేళ బల్ల ముందుకొచ్చి నిలబడి, “తప్పు నాది. ఆదిశేషమ్మ గారు చెప్పింది నిజం. నేను ఆమెని బయటికి పొమ్మన్నా,” అన్నాడు. మూడే మాటలు. చేపలమ్మను గారు అన్నందుకు వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న వాళ్లవైపు చూశాడు, అంతే, నవ్వు ఆగింది. తర్వాత మెట్ల దగ్గరికి నడిచిపోయి ఆమెను లోపలికి పిలిచి ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. ఆ మూడు మాటలూ సంఘం పుస్తకంలో నాన్న చేతిరాతతోనే ఉన్నాయి, దాచలేదు.

బెంగళూరులో ఇదే చెప్పాలి, అనుకుంది అబిగయీలు. ఈ కవరు కథతోనే మొదలుపెడితే సభంతా చెవులు రిక్కించుకుని వింటుంది. చిన్నప్పుడు చూసింది నా మనసులో పడి ఉంది, అందుకే రెండు ముక్కల ఊహ వచ్చింది అని చెప్పాలి. మొదటి వాక్యం ఆరువారాలుగా నాలుక మీదే ఉంది, సంతకం ఒక కాగితానిది, పేరు ఇంకో కాగితానిది. ఎంత పొందిగ్గా ఉంది! మళ్లీ అనుకుంది. సంతకం ఒక కాగితానిది, పేరు ఇంకో కాగితానిది, అక్కా. ఆ అక్కా ఎక్కడిది? తోకలా వచ్చి తగులుకుంది. తుడిపేసి మళ్లీ అనుకుంది, మళ్లీ వచ్చింది, అక్కా. శివశంకర్ అక్కా అంటాడు, కానీ ఈ మాట తానే వాడికి చెప్పింది, వాడు తనకు చెప్పలేదు. ఫ్రెడ్డీకి కంప్యూటరంటే సినిమాలు చూసే పెట్టె. మరెవరు? బెన్హర్ అయ్యగారు చదువుతున్నాడు, అబ్రహాము గారి కుమారుడు ఫ్రెడ్డీ, విడవలూరు సంఘ సభ్యురాలు రెజీనా, అమ్మ పక్కన మురిసిపోతూ కళ్లొత్తుకుంటోంది. అక్కా, మీది బుచ్చి అని చూసి తెలుగులో రాస్తుండా, ఏమనుకోబాకండి. వనజాక్షి.

వనజాక్షి. చిట్టమూరు. మూడేళ్ల కింద. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. రొయ్యల కంపెనీలో కంప్యూటర్లు చూసే అమ్మాయి, మెయిలు రాసింది, తెలుగులో, పొడుగ్గా, ఉత్తరం రాసినట్టు. తలుపుకు రెండు ముక్కలు పంపితే సంతకం ఒక కాగితానిది చూస్తుంది, పేరు ఇంకో కాగితానిది తీసుకుంటుంది అక్కా, మా గుంటల పని అంతా దీంతోనే నడుస్తుండాది, ఒక్కసారి చూడండి అని. ఆ వారం అబిగయీలుకు ఊపిరాడని పని, రోజుకు ముప్ఫయి ఫిర్యాదులు, సగం పనికిమాలినవి. పైగా తలుపు సంతకం చూడటంలో తప్పు చేస్తుందా, తాను రాసిన తలుపు! ఇంగ్లీషులో మూడు ముక్కలు కొట్టి పంపింది. ఫిర్యాదులు మా నమూనాలో, ఇంగ్లీషులో పంపవలెను. సంతకం సరిగానే పరీక్షించబడుతున్నది. ఇది లోపం కాదు. నాలుగు రోజులకు ఇంకో మెయిలు వచ్చింది. మీ జవాబు మా సారు అందరి ముందరా చదివి నవ్వినాడక్కా, పర్లేదు, మీరు మాత్రం ఇంకోసారి చూడండి. దానికి జవాబే ఇవ్వలేదు. ముద్ర సరిగ్గా ఉండాది, నేను చూసినా, పొయ్యి బయట కూర్చో. నాన్న అన్న మాటే, ముక్క తేడా లేకుండా, ఆ నాన్న కూతురే అంది. తన మొహం తనకే చూసుకోబుద్ధి కాలేదు. ఆ ఊహ తనది కానే కాదు. ఎవరో పెట్టిపోయిన గింజ మొలిస్తే, నా దొడ్డిలో మొలిచింది కాబట్టి నాదే అనుకుంది.

సరే, ఎవరికి తెలుసు? ఆ మెయిళ్లు తన పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ అమ్మాయి ఈపాటికి వేరే ఉద్యోగంలో ఉంటుంది, మర్చిపోయి ఉంటుంది. మర్చిపోతుందా? అందరి ముందూ నవ్వితే ఎవరు మర్చిపోతారు? పోనీ బెంగళూరు సభ అయ్యాక మెల్లగా ఒక మంచి మెయిలు రాసి, మీరూ చెప్పారు సుమా అని... ఛీ. పైగా పేరు గొడవ ఒక్కటే కాదిది. కబురులో రెండో పేరా తానే రాసింది, బాగా గుర్తుంది, ఈ లోపం ఇంతవరకు బయటివారికి తెలిసిన దాఖలా లేదు, ఈ ఆరువారాల లాగిన్‌లు సరిచూసుకుంటే చాలు అని. చాలదు! మూడేళ్ల కింద ఒక ఆఫీసు నిండా మనుషుల ముందు చదివి నవ్విన సంగతి, వాళ్లలో ఏ ఒక్కడు నవ్వకుండా విని గుర్తుపెట్టుకున్నా చాలు. ఆసుపత్రులవాళ్లు, కాలేజీలవాళ్లు, గుంటలవాళ్లు మూడేళ్లు వెనక్కి వెళ్లి చూసుకోవాలి, ఎవరెవరు ఎవరి పేరుతో లోపలికొచ్చారో. తన కబురు చదివితే వెనక్కి చూడరు, ఆరువారాలు చూసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటారు, అబిగయీలు చెప్పింది కదా అని. ఆమె మాట మీద అందరికీ అంత నమ్మకం. ఆ కబురు ఒకసారి బయటికి పోయాక వెనక్కి రాదు, తర్వాత ఎన్ని సవరణలు పంపినా మొదట విన్నదే జనం నమ్ముతారు. గడియారం పదీ యాభై. ఆరాధన అయ్యేసరికి పదకొండుంపావు.

“వీరి వివాహానికి అడ్డు చెప్పవలసిన కారణం ఎవరైనా ఎరిగి ఉంటే, ఇప్పుడు, ఇక్కడ చెప్పాలి,” అన్నాడు బెన్హర్ అయ్యగారు. ఇక్కడ ఒక నిమిషం మౌనం. ఇదీ ఎవాంజెలిన్ అక్క సంగతి తర్వాత నాన్న పెట్టించిందే, తలుపులన్నీ తెరిచి, మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా అడగడం, ఒక నిండు నిమిషం ఆగడం. ఎవరూ దగ్గనైనా దగ్గరు. ఎవరూ మెదలరు. ఆ నిమిషం ఎంత పొడుగో పెళ్లికొడుకును అడగాలి. అబిగయీలుకు భయం వేసిందా అంటే వేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ భయం అడుగున చిన్నప్పటి నుంచీ ఎరిగిన గట్టినేల తగిలింది, తప్పు పట్టగలిగిన కన్ను తన తప్పునూ పట్టింది, పట్టాక దిద్దడం తనకు రాని పని కాదు. పదకొండు వరసలు దిద్దినదానికి రెండు వరసలు దిద్దడం ఎంతసేపు? అమ్మ చేతిసంచి లాక్కుని లేచి నిలబడింది.

చర్చి మొత్తం ఒక్కసారిగా తిరిగింది. అమ్మ నోరు తెరుచుకుని కొంగు పట్టుకుని లాగింది. మగవాళ్ల వైపు ఫ్రెడ్డీ మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్రకటన వినడానికి వచ్చిన రెజీనా వాళ్లమ్మ బెంచీ అంచు పట్టుకుంది. సొంత అక్కే అడ్డం చెబుతుండాదే అని వెనక ఎవరో అననే అన్నారు.

“ఏమ్మా అబిగయీలూ?” అన్నాడు బెన్హర్ అయ్యగారు.

“పెండ్లికి కాదయ్యగారూ. పెండ్లి బంగారం లాంటిది. తప్పు నాది ఒకటుండాది, పదకొండులోగా చెప్పాల. బయటికి పోవాల నేను.”

అందరూ అబ్రహాము వైపు చూశారు. ఖాళీ కవరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కూతురి మొహం చూశాడు. ఏం తప్పని అడగలేదు. గోడ వైపు గడ్డంతో చూపించాడు. “దాన్ని నమ్మబాక. నిన్న కీ ఇయ్యడం మరిచినా, ఆరు నిమిషాలు వెనకుండాది. పరిగెత్తు.”

పరిగెత్తింది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి, మెట్లు దిగి, రోడ్డు వార ఆరబోసిన వడ్ల పక్కన నిలబడి ఫోను నొక్కితే, అది మేలుకోవడానికి బద్ధకించింది. వెలిగింది. పదీ యాభై తొమ్మిది. మొదటి గంటకే ఎత్తాడు శివశంకర్.

“ఏందక్కా, మీట మీదే ఉండాది వేలు...”

“తియ్యి వేలు. నొక్కబాక.”

“పదకొండు అని అందరికీ మాటిచ్చుండామక్కా!”

“మూడేళ్లు ఆలస్యమైన కబురు శివా. ఇంకో పది నిమిషాలకేం కాదు. రాసుకో. కనిపెట్టినవారు, వనజాక్షి, చిట్టమూరు, మూడేళ్ల క్రితం. లోపం కాదని తిప్పి పంపినవారు, అబిగయీలు. రాసినావా? రెండో పేరాలో ఆరువారాలు కొట్టేసి మూడేళ్లు అని పెట్టు. మూడేళ్ల లాగిన్‌లూ చూసుకోవాల అందరూ.”

అటువైపు మీటల చప్పుడు ఆగింది. “అక్కా, ఇట్లా రాస్తే నీ పేరేం కావాల?”

“ఉంటది లేరా, రెండో వరసలో. అక్షరం మార్చకుండా పెట్టు, నేను చూసినాకనే నొక్కు.”

వాడు ఫోనుకు పంపింది చూసింది, ప్రతి మాట కిందా వేలు పెట్టి చూసింది, పదకొండూ ఏడుకు నొక్కమంది. పోయింది. లోపల ఆ నిమిషం ఎప్పుడో అయిపోయినట్టుంది, చప్పట్లు వినబడ్డాయి, ఫ్రెడ్డీ గండం గడిచింది. ఇక బెంగళూరువాళ్లు పిలుస్తారో మానుకుంటారో వాళ్లిష్టం, పిలిస్తే చెప్పేందుకు ఇంతకంటే మంచి కథ ఇప్పుడుంది, వేదిక మీద ఇంకో కుర్చీ వెయ్యమని అడగాలి. అరికాళ్ల కింద వడ్లు గుచ్చుకుంటున్నాయి. పాత మెయిళ్లు తవ్వి, మూడేళ్లుగా జవాబు లేని ఆ రెండో మెయిలు బయటికి తీసింది. మీరు మాత్రం ఇంకోసారి చూడండి. చూశాను, అనుకుంది, కళ్లు మసకబారితే కొంగుతో తుడుచుకుంది. అమ్మ మెట్ల మీదికొచ్చి, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, ఏం జరిగిందో అర్థం కాక నిలబడి ఉంది. ఒక్క నిమిషమమ్మా అని సైగ చేసి అబిగయీలు జవాబు రాయడం మొదలుపెట్టింది, తెలుగులో, నమూనా ఏదీ లేకుండా.

వనజాక్షి గారూ.